ఆండోవర్ గుడి, దాని పక్కనున్న సమాధుల తోట: మనవరాలికి ఉత్తరం

చిట్టితల్లీ,

కొత్త ఊరూ కొత్త ఉద్యోగం నీకు అచ్చిరావాలని నేనూ మీ మామ్మా రోజూ ప్రార్థన చేసుకుంటున్నాం. మొన్న ఫోన్‌లో మోలీన్ గురించి చెబుతూ, ఊరు దాటితే మొక్కజొన్న చేలు, ఎవరూ రాని పాత చర్చిలు తప్ప ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదు తాతయ్యా అన్నావు. నీ మాటలో తప్పేం లేదు తల్లీ, కారులో పోయేవాళ్ళకి అలాగే కనిపిస్తుంది. కానీ ఆ చేల మధ్యనే, మీ ఇంటికి అట్టే దూరం లేకుండా, ఆండోవర్ అనే పల్లె ఉంది. మీ బాబాయి దగ్గర ఉన్న రోజుల్లో నేను అక్కడికి వెళ్ళాను. అక్కడి గుడి గురించీ, దాన్ని ఆనుకుని ఉన్న సమాధుల తోట గురించీ నీకు చెప్పాలని అప్పటినుంచీ మనసులో ఉంది. ఈ ఉత్తరాన్ని పత్రికకి కూడా ఇస్తున్నాను, ఏమీ అనుకోకు. అమ్మానాన్నలు ఒక దేశంలో పుట్టి, తాము ఇంకో దేశంలో పుట్టి పెరిగిన మన పిల్లలు ఇప్పుడు ఎందరో ఉన్నారు. వాళ్ళంతా నా మనవలే అనుకుని రాస్తున్నాను.

ఆ పల్లెకి పునాది వేసింది స్వీడన్‌వాళ్ళు కాదు. 1835 ప్రాంతంలో తూర్పు వైపు నుంచి వచ్చిన ప్రెస్బిటేరియన్లు భూమి కొని, వీధులు గీసి, ఆండోవర్ అని పేరు పెట్టారు. వాళ్ళు ఆశించినంత జనం రాలేదు. 1840ల చివర స్వీడన్ నుంచి బీదా బిక్కీ రావడం మొదలయ్యాక ఊరు నిండింది. వాళ్ళెందుకు వచ్చారో విను. 1750 నుంచి 1850 లోపు స్వీడన్ జనాభా ఇంచుమించు రెట్టింపయింది, భూమి మాత్రం పెరగలేదు. తాత చేను నలుగురు కొడుకులకీ పంచి, వాళ్ళ పిల్లలకీ పంచేసరికి ఒక కుటుంబం తిండికి సరిపోని చెక్కలు మిగిలాయి. అది కాక రాజుగారి చర్చి ఒకటే చర్చి. పాదిరిగారు లేకుండా ఇళ్ళలో కూడుకుని బైబిలు చదువుకుంటే శిక్ష వేసే చట్టం 1726లో చేసింది 1858 దాకా ఉంది. లూథరన్ దేశంలో లూథరన్లకే ఆ కట్టుబాటు. ఆకలీ ఆత్మా రెండూ కలిసి ఓడ ఎక్కించాయి. ఆ తరవాత, 1930 దాకా చూస్తే, పన్నెండు లక్షలకి పైగా స్వీడన్‌వాళ్ళు అమెరికా చేరారు. మన గోదావరి జిల్లాల నుంచి రంగూన్‌కి ఓడలెక్కి పోయిన వాళ్ళని తలుచుకుంటే నీకు ఆ బాధ అర్థమవుతుంది. మా తాతల కాలంలో ఆ మాట వినని ఇల్లు లేదు.

ఆండోవర్‌కి వచ్చిన పాదిరిగారి పేరు లార్స్ పాల్ ఎస్బ్యోర్న్. 1808లో హెల్సింగ్లాండ్‌లో పుట్టాడు, ఉప్సాలాలో చదువుకుని రాజ్యపు చర్చిలోనే గురువయ్యాడు. తాగుడు మానిపించే పనిలోనూ, ఇళ్ళలో ప్రార్థన కూటాల మీదా మనసు పెట్టినవాడు. 1849లో యెవ్లే రేవు నుంచి భార్యాపిల్లలతో, నూట నలభై మంది దాకా తోటివాళ్ళతో ఓడ ఎక్కాడు. సముద్రం దాటి న్యూయార్క్, అక్కడినుంచి కాలువలూ మహాసరస్సుల మీదుగా షికాగో, ఆ పైన మళ్ళీ కాలువా బళ్ళూ. దారిలో పసిబిడ్డను పోగొట్టుకున్నాడు. షికాగో చేరేసరికి ఆయనకే కలరా తగిలింది. ఆయన్ని అక్కడ వదిలి మిగతావాళ్ళు ముందుకు పోవలసి వచ్చింది. అయినా బతికి, ఆండోవర్ చేరాడు. 1850 మార్చి 18న సంఘం కట్టినప్పుడు చేరింది పదిమంది. అంతే తల్లీ, పదిమంది. తరవాత అమెరికాలో స్వీడన్ లూథరన్లందరి సంఘంగా ఎదిగిన అగస్టానా సినడ్‌కి మొదటి వేళ్ళలో ఒకటి ఆ పదిమందే.

గుడి కట్టుకోవడానికి వాళ్ళ దగ్గర డబ్బు ఎక్కడిది? 1851లో ఎస్బ్యోర్న్ చందాల కోసం తూర్పు నగరాలకు వెళ్ళాడు. అదే సమయానికి జెన్నీ లిండ్ అనే స్వీడన్ గాయని అమెరికా అంతటా కచేరీలు చేస్తూ తిరుగుతోంది. ఆ రోజుల్లో ఆమె పాట వినడానికి ఊళ్ళకి ఊళ్ళే కదిలేవి. ఆమెకి తన దేశపు బీదల సంగతి తెలిసి 1,500 డాలర్లు ఇచ్చింది. ఆయన పోగు చేసిన మొత్తంలో సగానికి పైగా ఆ ఒక్క చేతి నుంచి వచ్చిందే. అందుకే ఆ చిన్న గుడిని ఇవాళ్టికీ జెన్నీ లిండ్ చాపెల్ అంటారు. తను ఇచ్చిన డబ్బుతో కట్టిన గుడిలో ఆమె ఎన్నడూ అడుగు పెట్టలేదు. దాతలు చాలామంది ఇంతేనమ్మా, పేరు ఉంటుంది, పాదం మోపి ఉండరు.

నేను నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇక్కడినుంచి. గుడి గోడలు లేస్తుండగానే, 1852 మొదలు, కలరా మళ్ళీ మళ్ళీ వచ్చింది. స్వీడన్ నుంచి కొత్తగా దిగేవాళ్ళు వారాల తరబడి ఓడల్లో కిక్కిరిసి, నీళ్ళు చెడి, ఒళ్ళు చిక్కి వచ్చేవాళ్ళు. దిగాక ఉండడానికి ఇల్లు లేదు. సగం కట్టిన గుడి కింది గది వాళ్ళకి సత్రం అయింది, జబ్బు పడితే అదే ఆసుపత్రి అయింది. పొద్దున బాగున్న మనిషి రాత్రికి ఉండని జబ్బు అది. గుడి పైన గోపురం కోసమని కలప తెచ్చి పెట్టుకున్నారు. శవపేటికలు చేయడానికి వేరే పలకలు లేక ఆ కలపే కోశారు. గోపురం కోసం దాచిన పలకలు ఒక్కొక్కటే మట్టిలోకి దిగాయి. 1854 డిసెంబరు 3న గుడి ప్రతిష్ఠ జరిగింది. గోపురం లేకుండానే జరిగింది, ఆ తరవాత కూడా వాళ్ళు గోపురం కట్టలేదు. పాదిరిగారి ఇల్లు కూడా మిగల్లేదు. ఆయన భార్య అమాలియా 1852లో పోయింది. పిల్లల కోసం మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆమె కూడా ఏడాది తిరక్కుండా కన్నుమూసింది. అలాంటి మనిషి ఆదివారం లేచి నిలబడి ఇతరులకి ఓదార్పు చెప్పాడు.

ఒక సంగతి నన్ను ఎప్పుడూ కలతపెడుతుంది. ఆ 1854లోనే, గుడి ప్రతిష్ఠకి మూడు నెలల ముందు, లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు ఒక వీధి పంపు నీళ్ళే కలరాకి మూలమని చూపించాడు. అది లోకం నమ్మడానికి ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది. ఆండోవర్‌లో ఆ తల్లులు పిల్లలకి చెంబుతో తాగించిన నీళ్ళలోనే చావు ఉందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. మన వైపు కూడా కలరా వచ్చిన ఏడు అంటే ఇంట్లో ఎవరు మిగిలారని అడిగేవారు. నీళ్ళు కాచి తాగమని మీ మామ్మ ఇప్పటికీ నీ వెంట పడుతుంది కదూ, దాని వెనక ఎన్ని ఇళ్ళ దుఃఖం ఉందో నువ్వు తెలుసుకోవాలి బంగారూ.

ఆ కలరాలో పోయినవాళ్ళలో చాలామందికి రాయి లేదు. హడావుడిగా పూడ్చారు, ఉంటే చెక్క గుర్తు పాతారు, ఆ చెక్కలు ఇల్లినాయ్ మంచుకీ వానకీ కొన్నేళ్ళలోనే చివికిపోయాయి. ఇవాళ నువ్వు వెళితే పచ్చిక కనిపిస్తుంది. ఆ పచ్చిక ఖాళీ నేల కాదని ఊళ్ళోవాళ్ళకి తెలుసు, అందుకే అక్కడ అడుగు చూసి వేస్తారు. ఇక రాళ్ళు ఉన్నచోట ఇంకో చిక్కు ఉంది. స్వీడన్ పల్లెల్లో మనలాగా తరతరాల ఇంటిపేరు ఉండేది కాదు. ఆండర్స్ కొడుకు పెర్ అయితే పెర్ ఆండర్సన్, ఆ పెర్ కొడుకు యోహాన్ అయితే యోహాన్ పెర్సన్. అమెరికా వచ్చాక ఆ పద్ధతి ఆగిపోయి, తండ్రి పేరే ఇంటిపేరుగా గడ్డకట్టింది. దాంతో తోటంతా ఆండర్సన్‌లు, జాన్సన్‌లు, నెల్సన్‌లు, పీటర్సన్‌లు. ఒకరికొకరు చుట్టం కూడా కానివాళ్ళు పక్కపక్కనే ఒకే పేరుతో పడుకుని ఉన్నారు. రాయి చూసి ఎవరు ఎవరో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మరి వాళ్ళు ఎవరో ఇవాళ ఎలా తెలుస్తోంది? పుస్తకం వల్ల తల్లీ. ఇది చెప్పడానికే ఇంత పెద్ద ఉత్తరం. స్వీడన్‌లో 1686 నాటి చర్చి చట్టం ప్రకారం ప్రతి పాదిరీ తన సంఘంలోని ప్రతి ఇంటినీ పుస్తకంలో రాయాలి. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు ఎక్కడినుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్ళారు, అన్నీ. మనుషుల్ని కూర్చోబెట్టి లూథరుగారి చిన్న కాటకిజం అడిగి, ఎవరికి చదవడం వచ్చో, ఎవరికి అర్థం తెలుసో కూడా గుర్తు పెట్టేవారు. యజమానికీ పాలేరుకీ పనిమనిషికీ అందరికీ ఒకే పుస్తకం. ఊరు వదిలి పోయేవాళ్ళకి పాదిరిగారు బదిలీ చీటీ రాసి ఇచ్చేవారు. దాన్ని జేబులో పెట్టుకుని సముద్రం దాటి వచ్చి, కొత్త ఊరి పాదిరిగారికి ఇచ్చేవాళ్ళు. అమెరికాలో ఆ చట్టం లేదు, అడిగే రాజు లేడు. 1870ల దాకా ఇల్లినాయ్‌లో పుట్టుకలూ చావులూ నమోదు చేయాలన్న గట్టి నియమమే లేదు. అయినా ఆండోవర్‌లాంటి సంఘాలు తమ పాత అలవాటు మానలేదు. గుడికి గోపురం లేని రోజుల్లో కూడా పుస్తకం రాశారు. ఫలానా మనిషి, స్వీడన్‌లో ఫలానా ఊరి గుడి పరిధిలో ఫలానా తేదీన పుట్టాడు, ఫలానా ఏడు అమెరికా వచ్చాడు. పేరు ఒకటే అయిన వంద మంది జాన్సన్‌లని విడదీసేది పుట్టిన ఊరూ తేదీ రాసిన ఆ ఒక్క వరుసే.

మీ ఊరికి పక్కనే రాక్ ఐలాండ్‌లో అగస్టానా కాలేజీ ఉంది చూడు, దాని పుట్టుక కూడా ఈ కథలోదే. ఎస్బ్యోర్న్ 1860లో దానికి మొదటి అధ్యక్షుడు, అప్పుడు అది షికాగోలో ఉండేది. 1875లో రాక్ ఐలాండ్ చేరింది. అక్కడ స్వెన్సన్ పేరుతో స్వీడన్ వలసల పరిశోధన కేంద్రం 1981 నుంచి నడుస్తోంది. అమెరికాలో ఉన్న స్వీడన్ సంఘాల పాత పుస్తకాలకి తీసిన మైక్రోఫిల్ములు అందులో ఉన్నాయి. తమ ముత్తాత ఏ ఊరి నుంచి వచ్చాడో వెతుక్కునేవాళ్ళకి అదే దారి. స్వీడన్ మాట ఒక్కటి రాని మనిషి కూడా ఆ వరుస పట్టుకుని, సముద్రం దాటి, తన ముత్తాత బాప్తిస్మం పొందిన గుడి దాకా వెళ్ళగలడు. ఎస్బ్యోర్న్ మాత్రం అమెరికాలో ఉండిపోలేదు. 1863లో స్వీడన్ తిరిగి వెళ్ళి, అక్కడే పాదిరిగా పనిచేస్తూ 1870లో పోయాడు.

భాష సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది మనకీ తగిలే దెబ్బ. ఆండోవర్ సంఘం పెరిగి, 1867లో మొదలుపెట్టి ఇటుకలతో పెద్ద గుడి కట్టుకుంది. ఆ రోజుల్లో ఆరాధనా పాటా ప్రసంగం అన్నీ స్వీడిష్‌లోనే. వేసవి సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి స్వీడిష్ అక్షరాలూ కాటకిజం నేర్పే బడి ఉండేది. నువ్వు చిన్నప్పుడు ఆదివారాలు మనబడికి వెళ్ళి తెలుగు దిద్దుకున్నావు చూడు, అదే శ్రద్ధ. ఆ పిల్లలు బళ్ళో ఇంగ్లీషు, ఇంట్లో స్వీడిష్ మాట్లాడారు. వాళ్ళ పిల్లలకి స్వీడిష్ అర్థమయ్యేది, మాట తిరిగేది కాదు. సినడ్ 1901లోనే ఒక ఇంగ్లీషు కీర్తనల పుస్తకం వేసింది, 1925లో ఇంకొకటి వేసింది. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1918 మే నెలలో, మీకు నది అవతల ఉన్న అయోవా రాష్ట్రపు గవర్నరు హార్డింగ్ ఒక ఆజ్ఞ వేశాడు. బళ్ళలో, రైళ్ళలో, టెలిఫోనులో, చివరికి గుడిలో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష వాడరాదన్నాడు. ముసలమ్మలకి ప్రసంగం అర్థం కాని ఆదివారాలు అవి. యుద్ధం అయిపోయాక ఆ ఆజ్ఞ పోయింది, భయం మాత్రం పోలేదు. 1924లో వలసల మీద కోటాలు బిగించాక కొత్తగా స్వీడిష్ మాట్లాడుతూ దిగేవాళ్ళు కూడా తగ్గిపోయారు. ఇంకో పదీ ఇరవై ఏళ్ళకి గుడిలో స్వీడిష్ మిగిలిందల్లా క్రిస్మస్ తెల్లవారుజామున ఆరాధనలో పాడుకునే పాటల దాకానే. ఆ తోటలో పాత రాళ్ళ మీద స్వీడిష్, తరవాతి రాళ్ళ మీద ఇంగ్లీషు. వరసగా నడిస్తే ఒక భాష ఎలా వెళ్ళిపోతుందో కళ్ళారా చూడొచ్చు.

దీనికి నేను ఎవరినీ తప్పుపట్టను. తల్లులు కావాలని పిల్లలకి మాట దూరం చేయలేదు. పిల్లలు కావాలని వదులుకోలేదు. ఇంట్లో కోప్పడేటప్పుడూ ముద్దుచేసేటప్పుడూ ఏ భాష వస్తుందో అదే నిలుస్తుంది, మిగతాది పండుగ బట్టల్లా పెట్టెలోకి వెళుతుంది. నీ తెలుగు గురించి నువ్వు సిగ్గుపడుతుంటావు, ఒత్తులు తప్పుతాయని. తప్పనీ తల్లీ. తప్పులతోనే మాట్లాడు, తప్పులతోనే రాయి, నాకు నీ తప్పులు కూడా ముద్దుగానే ఉంటాయి.

ఎవరూ రాని పాత చర్చిలన్నావు కదా, పల్లె గుళ్ళు ఎందుకు ఖాళీ అవుతున్నాయో చెబుతాను. ఒకప్పుడు ఒక కుటుంబం ఎనభై ఎకరాలు చేసుకుని, పదిమంది పిల్లలతో గుడి బల్లలన్నీ నింపేది. మీ మోలీన్‌లో తయారైన ట్రాక్టర్లూ యంత్రాలూ వచ్చాక ఒక్క మనిషి వందల ఎకరాలు, ఆపైన వేల ఎకరాలు చేయగలుగుతున్నాడు. పొలాలు పెద్దవయ్యాయి, ఇళ్ళు తగ్గాయి. పిల్లలు చదువుకుని నగరాలకి పోయారు, నువ్వు వెళ్ళినట్టే, మీ నాన్న వెళ్ళినట్టే. ఆండోవర్‌లో ఇప్పుడు ఉండేది ఆరు వందల మంది లోపు. అగస్టానా సినడ్ కూడా 1962లో పెద్ద సంఘంలో కలిసిపోయి ఆ పేరుతో లేకుండా పోయింది. ఇలాంటి పల్లెల్లో గుడి మూతపడ్డా సమాధుల తోటని మూయలేరు. గడ్డి కోయడానికి, పడిపోయిన రాయి లేపడానికి ఎవరో ఒకరు ఉండాలి. ఆ పని చేసేది చాలాచోట్ల డెబ్భై ఎనభై ఏళ్ళ పెద్దవాళ్ళే. వాళ్ళు పోయాక ఎవరన్నది ఆ పల్లెల్లో అందరినీ తొలిచే ప్రశ్న. జెన్నీ లిండ్ చాపెల్‌ని మాత్రం ఊరివాళ్ళూ బయటివాళ్ళూ కలిసి బాగుచేయించి నిలబెట్టుకున్నారు, అది జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో కూడా ఉంది.

ఆ గుడికీ మనకీ సంబంధం ఏమిటని నువ్వు అడుగుతావు. ఉంది బంగారూ, అందుకే నేను అక్కడికి వెళ్ళింది. మన ప్రాంతంలో లూథరన్ మిషన్ మొదలైంది గుంటూరులో, 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ అడుగుపెట్టినప్పుడు. ఆయన అమెరికా తిరిగి వెళ్ళి కొన్నేళ్ళు మినెసోటా పల్లెల్లో కొత్త సంఘాలు కట్టాడు. రాజమండ్రిలోని లూథరన్ మిషన్ వేరేవాళ్ళ చేతికి పోబోతోందని తెలిసి, 76 ఏళ్ళ వయసులో 1869లో మళ్ళీ ఇక్కడికి వచ్చాడు. ఆ మిషన్‌ని అమెరికాలో జనరల్ కౌన్సిల్ అనే లూథరన్ల కూటమి తీసుకుంది. 1870 నుంచి స్వీడన్‌వాళ్ళ అగస్టానా సినడ్ ఆ కూటమిలో ఉంది. ఆండోవర్‌లాంటి పల్లెల రైతుల కానుకలు అలా గోదావరి ఒడ్డుకి చేరాయి. 1870ల చివర ఎ. బి. కార్ల్‌సన్ అనే స్వీడన్ పాదిరి ఆ సినడ్ తరఫున ఇక్కడికి వచ్చి కొన్నేళ్ళకే ప్రాణం విడిచాడు. తరవాత షార్లట్ స్వెన్సన్ లాంటి ఆడవాళ్ళు వచ్చారు, రాజమండ్రిలో స్త్రీలకి బైబిలు శిక్షణ ఇచ్చే బడికి ఆమె పేరు పెట్టారు. కలరాకి గోపురపు కలప ఇచ్చేసిన బీదవాళ్ళ పిల్లలూ మనవలూ, తమకి మిగిలిన దాంట్లోంచి మన వాళ్ళ చదువుకి పంపారు. 1927లో మన సంఘాలన్నీ కలిసి ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం అయ్యాయి. మీ మామ్మా నేనూ అందులోనే బాప్తిస్మం పొందాం.

ఇప్పుడు నీతో నా గుండెలో మాట చెబుతాను. మన ముత్తాతలకి సెంటు భూమి లేదు. ఏ పట్టాలోనూ వాళ్ళ పేరు లేదు. ఊరు వాళ్ళని పేరుతో పిలిచింది కూడా తక్కువ. అలాంటి మనిషికి పేరు పెట్టి, తండ్రి పేరూ తల్లి పేరూ ఊరూ తేదీ వేసి మొదటిసారి కాగితం మీద రాసింది గుడి బాప్తిస్మం రిజిస్టరు. మన కులం వాళ్ళకి అది దేవుడి పుస్తకమే కాదు, మేమూ మనుషులమే అని ఒకరు ఒప్పుకుని సంతకం చేసిన కాగితం. మా చిన్నప్పుడు మా ఊరి గుడిలో అలాంటి పాత రిజిస్టర్లు బీరువా నిండా ఉండేవి. వానలకి తడిసి, చెదలు పట్టి పోతుంటే ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను తల్లీ. చదువుకున్నవాణ్ణి, పదిమందికి పాఠం చెప్పినవాణ్ణి, ఒక సెలవుల్లో కూర్చుని వాటిని ఎత్తి రాసి ఉంటే సరిపోయేది. మా నాయనమ్మ ఏ ఊళ్ళో పుట్టిందో ఇవాళ నాకు చెప్పేవాళ్ళు లేరు. ఆండోవర్ పాదిరిగారు భార్యని పోగొట్టుకున్న ఏడు కూడా పుస్తకం రాశాడు. ఆ పుస్తకం ముందు నేను నిలబడినప్పుడు నాకు కలిగింది ఇదే బాధ.

ఇది చెప్పి నీ మీద బరువు వేయాలని కాదు. నీ వయసులో నీకు పని ఉంది, స్నేహితులు ఉన్నారు, నీ బతుకు నువ్వు కట్టుకోవాలి. దేవుడు నీ చేతి పనిని దీవించాలి, మంచి తోడునివ్వాలి, నిన్ను ఏ చోటైనా ఒంటరిదాన్ని చేయకూడదు. నువ్వు ఆ దేశంలో ఉండిపోయినా నాకు దిగులు లేదు. వాళ్ళు కూడా ఉండిపోయారు. నాకు ఉన్న దిగులు ఒక్కటే, రేపు నీ మనవరాలు మా అమ్మమ్మ వాళ్ళు ఎక్కడివాళ్ళని అడిగితే ఇండియా అని ఒక్క మాట తప్ప చెప్పడానికి ఏమీ ఉండదేమోనని. ఇండియా చాలా పెద్దది తల్లీ. ఊరు పేరు కావాలి, వాకిలి ఏ వీధిలో ఉండేదో కావాలి.

ఒక ఆదివారం ఆండోవర్ వెళ్ళు. ఆ చిన్న గుడి చూడు, తోటలో రాళ్ళు లేని చోట కాసేపు నిలబడు. నీకు వచ్చిన భాషలో ప్రార్థన చేసుకో. ఎవరైనా పెద్దావిడ గడ్డి కోస్తూ కనిపిస్తే పలకరించు, నువ్వు రాజమండ్రి దగ్గర వాళ్ళ మనవరాలివని చెప్పు. రాక్ ఐలాండ్ కేంద్రంలో ఆ పాత పుస్తకాలు ఎలా రాశారో ఒకసారి చూసి, అలాంటి గీతలే ఒక నోటు పుస్తకంలో గీసుకో. పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన ఊరు, తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళారు, ఎక్కడ పడుకున్నారు. తెలుగులో రాయి, పక్కనే ఇంగ్లీషులో కూడా రాయి, ఎందుకంటే నీ తరవాతివాళ్ళకి ఏ అక్షరాలు వస్తాయో మనకి తెలియదు.

నవంబరులో సమాధుల పండుగకి ఊళ్ళో మనవాళ్ళ సమాధులకి సున్నం వేయిస్తున్నాం. అప్పటికి నువ్వు వస్తే చాలా సంతోషం, రాలేకపోతే ముందు వారంలో ఫోన్ చెయ్యి. మీ మామ్మకి వాళ్ళ పుట్టింటి వైపు నాలుగు తరాల పేర్లు ఇంకా నోటికి వచ్చు, చెప్పడానికి ఓపిక కూడా ఉంది. ఆవిడ చెబుతుంటే నువ్వు రాసుకో. ఈ సంవత్సరమే చెయ్యి తల్లీ.

దీవెనలతో,
నీ తాతయ్య